ట్యాంకుకి భయం తెలియదు

'బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ నైట్' అనే వీడియో గేమ్ గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి బ్యాట్‌మ్యాన్ కారు బ్యాట్‌మొబైల్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. 2015 జూన్‌లో గేమ్ విడుదలైనప్పటి నుంచీ ఇదే తంతు. కారు మరీ ఎక్కువైపోయిందని కొందరు, కారు లేకపోతే అది బ్యాట్‌మ్యాన్ గేమే కాదని ఇంకొందరు. నేను ఈ రెండు పక్షాల్లోనూ లేను. ఆ కారంటే నాకు చాలా ఇష్టం. వానలో తడిసిన గోథమ్ రోడ్ల మీద, మలుపుల దగ్గర వెనక చక్రాలు జారుతుంటే దాన్ని అదుపు చేస్తూ తోలడం ఇప్పటికీ బాగుంటుంది. నా పేచీ అంతా అది ట్యాంకుగా మారినప్పుడే. ట్రిగ్గర్ నొక్కి పట్టుకోగానే కారు రూపం మారి, పైన ఫిరంగి లేచి, ఏ దిక్కుకైనా పక్కకి జరగగలిగే యంత్రమైపోతుంది. అక్కడి నుంచి నేను ఆడుతున్నది వేరే ఎవరిదో గేమ్ అనిపిస్తుంది.

ట్యాంకు యుద్ధాలు లెక్కకు మించి ఉన్నాయన్నది అందరూ చెప్పే కారణం. నిజమే గానీ అది పైపైన కనిపించేది. ఇదే గేమ్‌లో చేతులతో కొట్టే ఫైట్లు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ విసుక్కోరు. నాకు తోచిన కారణం ఇది: బ్యాట్‌మ్యాన్ చేతిలో ఉన్న అసలు ఆయుధం భయం. ఈ సిరీస్‌లో మంచిగా ఉన్న ప్రతి పద్ధతీ ఆ భయం మీదే కట్టారు. ఆ యుద్ధాల్లో ఎదురొచ్చే శత్రు ట్యాంకులు భయపడవు. మనుషులు లేని డ్రోన్లవి.

ముందు ఆ ఫైట్లు ఎలా నడుస్తాయో కొంచెం దగ్గర నుంచి చూద్దాం.

లండన్‌లోని రాక్‌స్టెడీ స్టూడియోస్ 2009లో 'ఆర్ఖమ్ అసైలమ్' తెచ్చేనాటికి సూపర్‌హీరో గేమ్ అంటే చాలామందికి చిన్నచూపు. సినిమా విడుదల తేదీకి అందాలని హడావుడిగా చుట్టేసిన సరుకు అనుకునేవారు. ఈ గేమ్ ఆ అభిప్రాయాన్ని మార్చేసింది. అందులో పెద్ద వాటా ఫ్రీఫ్లో అనే ఫైటింగ్ పద్ధతిది. కొట్టడానికి ఒక బటన్, ఎదురుదెబ్బకి, అంటే కౌంటర్‌కి ఒకటి, కేప్ విసిరి కళ్లు తిరిగేలా చేయడానికి ఒకటి, తప్పుకోవడానికి ఒకటి. నాలుగే. తయారీ తొలిదశలో వాళ్లు దీన్ని తాళానికి తగ్గట్టు బటన్లు నొక్కే రిథమ్ గేమ్‌లాగే పూర్తిగా చేసి చూశారు. ఆ రూపం పోయింది గానీ లోపల తాళం మాత్రం మిగిలింది.

ఒక సందులో పదిమంది చుట్టుముట్టారనుకోండి. మొదటివాడి వైపు స్టిక్ వంచి ఒక దెబ్బ. అది తగిలీ తగలగానే రెండోవాడి వైపు ఇంకోటి. వెనక నుంచి ఒకడు చెయ్యెత్తాడు, వాడి తల మీద గీతలు మెరిశాయి, కౌంటర్. మూడో దెబ్బ దాటాక బ్యాట్‌మ్యాన్ కదలిక మారిపోతుంది. నాలుగడుగుల దూరంలో ఉన్నవాడి మీదికి కూడా ఒక్క గెంతులో వెళ్లిపోతాడు. ఈలోగా ఒకడు డాలు పట్టుకొచ్చాడు. వాడిని ముందు నుంచి కొడితే లాభం లేదు, కేప్‌తో తికమకపెట్టి పైనుంచి దూకాలి. కరెంటు లాఠీవాడిని ముందు నుంచి ముట్టుకోకూడదు, వాడి మీదుగా దూకి వీపు వైపు చేరాలి. కత్తివాడి వేటుకి మామూలు కౌంటర్ చాలదు. వీళ్లందరూ ఒకేసారి ఉంటారు. మీ బొటనవేళ్లు పనిచేస్తుంటాయి, కళ్లు మాత్రం కొడుతున్నవాడి మీద ఉండవు. తర్వాత ఎవడు కదులుతాడా అని చుట్టూ తిరుగుతుంటాయి.

కంగారుపడి బటన్ దడదడ నొక్కితే దెబ్బ గాలిలోకి పోతుంది, కాంబో, అంటే తెగకుండా సాగే దెబ్బల వరస, తెగిపోతుంది. కోలాటంలో ఒక కర్ర తాళం తప్పితే వలయమంతా తడబడుతుంది చూడండి, అలా. ముందటి దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా నొక్కితే కాంబో లెక్క దెబ్బకి ఒకటి బదులు రెండు చొప్పున పెరుగుతుంది. లెక్క 8కి చేరితే ఎవరినైనా ఒక్క వేటుతో పడగొట్టే అవకాశం వస్తుంది, అప్‌గ్రేడ్ కొనుక్కుంటే 5కే వస్తుంది. చివరివాడు పడేటప్పుడు కాలం నెమ్మదిస్తుంది, కెమెరా దగ్గరికి జరుగుతుంది. ఇక ఎవరూ మిగల్లేదని చెప్పడానికి స్క్రీన్ మీద ఒక్క అక్షరం అక్కర్లేదు.

మన సినిమా ఫైట్లు చూస్తూ పెరిగినవాళ్లు ఇందులో ఒక సంగతి ఇట్టే పట్టేస్తారు. చుట్టూ పదిమంది ఉన్నా మీద పడేది ఒకడో ఇద్దరో, మహా అయితే ముగ్గురు. మిగతావాళ్లు చుట్టూ తిరుగుతూ ఉంటారు. దీన్ని లోపంగా చూపించేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఆ తిరిగేవాళ్లు ఊరికే నిలబడరు. పక్కవాడు కుప్పకూలుతుంటే చూస్తారు, అరుస్తారు, ఒకడు పెట్టె ఎత్తి విసురుతాడు, ఇంకొకడు తుపాకీ కోసం పరిగెత్తుతాడు. హీరో ఎంత బలవంతుడో మనకి తెలిసేది దెబ్బ తిన్నవాడిని చూసి మాత్రమే కాదు. ఇంకా తినని వాడి మొహం చూసి కూడా. మన ఫైట్ మాస్టర్లకి ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. అందుకే విలన్ మనుషులు ఒకడి వెనక ఒకడు వెనకడుగు వేసే షాట్ ఒకటి తప్పకుండా పెడతారు.

ఇక దాక్కుని వేటాడే గదులు చూడండి. అక్కడ ఈ భయం ఇంకా బాహాటంగా ఉంటుంది. తుపాకులతో ఆరేడుగురు కాపలా తిరుగుతుంటారు, బ్యాట్‌మ్యాన్ పైన రాతి బొమ్మల మీద కూర్చుని ఉంటాడు. గోడల అవతలివాళ్లని కూడా చూపించే డిటెక్టివ్ మోడ్ పెట్టి చూస్తే 'అసైలమ్'లో ఒక్కొక్కడి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, వాడు ప్రశాంతంగా ఉన్నాడా, కంగారులో ఉన్నాడా, హడలిపోయాడా అన్నది కూడా రాసి ఉంటుంది. మొదటివాడిని తలకిందులుగా పైకి లాగేసి వేలాడదీశాక మిగతావాళ్ల నడక మారిపోతుంది. ఒకరికొకరు వీపు ఆనించుకుని తిరుగుతారు. చీకట్లోకి ఊరికే కాలుస్తారు. చివరికి ఒక్కడు మిగిలితే, వాడు వెనక్కి వెనక్కి నడుస్తూ తనలో తాను మాట్లాడుకుంటుంటాడు. ఏ ఆటలోనైనా శత్రువుకి ఆరోగ్యం ఎంత మిగిలిందో చూపిస్తారు. ఇక్కడ ధైర్యం ఎంత మిగిలిందో చూపించారు. ఇంత సరైన ఆలోచన సూపర్‌హీరో గేముల్లో నేను ఇంకోటి చూడలేదు.

'ఆర్ఖమ్ నైట్' దాన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్లింది కూడా. కథ నిండా భయమే. స్కేర్‌క్రో అనే విలన్ భయాన్ని పుట్టించే విషవాయువుతో బెదిరిస్తాడు, హాలోవీన్ రాత్రి ఊరు ఊరంతా ఖాళీ అవుతుంది. దానికి తగ్గట్టే ఫియర్ టేక్‌డౌన్ అని కొత్త దెబ్బ పెట్టారు. ఎవరి కంటా పడకుండా దగ్గరికి చేరితే ఒకేసారి ముగ్గురిని పడగొట్టవచ్చు, అప్‌గ్రేడ్లతో ఐదుగురి దాకా. ఒకడు పడుతుండగానే కాలం నెమ్మదించి, తర్వాతివాడు ఎవడో ఎంచుకునే వ్యవధి ఇస్తుంది. వాళ్లు తుపాకీ తిప్పేలోపు మీరు అక్కడుంటారు. కథ, పేరు, బటన్ అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. ఇంత చక్కగా కుదిరిన ఆటలో వచ్చి పడ్డాయి ఆ డ్రోన్ ట్యాంకులు.

అయితే కారు వేరు, ట్యాంకు వేరు అన్నాను కదా. కారు ఎంత బాగా చేశారో చెప్పకుండా ట్యాంకుని తిడితే అన్యాయం.

పైన గాలిలో తేలుతూ ఒక బటన్ నొక్కితే కారు కింద రోడ్డు మీదికి దూసుకొస్తుంది, బ్యాట్‌మ్యాన్ నేరుగా అందులోకి దిగిపోతాడు. పూర్తి వేగంలో ఇంకో బటన్ నొక్కితే సీటు నుంచి ఆకాశంలోకి ఎగిరిపోయి, కేప్ విప్పి, మళ్లీ తేలుతూ వెళతాడు. రెండింటికీ మధ్య కోత లేదు, లోడింగ్ లేదు. ఫైర్‌ఫ్లై అనే విలన్ వెంటపడే ఘట్టం దీనికి మంచి ఉదాహరణ. వాడు జెట్‌ప్యాక్‌తో వీధుల మీదుగా ఎగురుతూ పారిపోతుంటాడు, కింద మీరు కారులో తరుముతుంటారు. జెట్‌ప్యాక్ శక్తి అయిపోయేదాకా వెంట ఉండి, సరైన క్షణంలో కారులోంచి ఎగిరి, తేలుతూ వెళ్లి వాడిని గాలిలోనే పట్టుకోవాలి. కారు అక్కడ బ్యాట్‌మ్యాన్ శరీరానికి కొనసాగింపు. ఊరిని ఆక్రమించిన శత్రు సైన్యం, మిలీషియా, వాహనాలని రోడ్ల మీద తరిమి ఆపి, లోపలున్నవాడిని బయటికి లాగే పని కూడా అంతే. అందులో మనుషులున్నారు. వాళ్లు పారిపోతున్నారు. మిమ్మల్ని చూసి పారిపోతున్నారు.

చేతులతో కొట్టుకునే చోట కూడా కారు సాయం వస్తుంది. దగ్గరలో ఆగి ఉంటే బ్యాట్‌మ్యాన్ ఒకడిని గాలిలోకి లేపగానే కారు ఒక దెబ్బ కాలుస్తుంది, ప్రాణం తీయని గుండుతో. ఏస్ కెమికల్స్‌లో అయితే మీరు భవనం లోపల ఉండి బయటున్న కారుని రిమోట్‌తో నడిపి, దాని వించ్ తాడుతో అడ్డంకులు తొలగించుకుంటూ పోవాలి. ఆలోచిస్తే అది తాడుతో వస్తువులని లాగే బ్యాట్‌క్లా లాంటి ఇంకో పరికరమే, కాకపోతే బరువెక్కువ. 2009 నాటి 'అసైలమ్'లో బ్యాట్‌మొబైల్ నడపనిచ్చేవాళ్లు కాదు. కానీ బేన్ అనే భారీకాయపు విలన్‌తో పోరు చివర్లో బ్యాట్‌మ్యాన్ దాన్ని పిలుస్తాడు, అది దూసుకొచ్చి బేన్‌ని నీళ్లలోకి నెట్టేస్తుంది. పట్టుమని కొన్ని క్షణాలు. ఆ కారు ఏం చేయాలో ఆ కొన్ని క్షణాల్లోనే తెలుసు వాళ్లకి.

ట్యాంకు మోడ్‌ని అలా వదిలేసి చేశారనుకోకండి. చాలా శ్రద్ధగా కట్టారు. అందుకే నాకు ఇంకా బాధ. నిజానికి అది ఫ్రీఫ్లో పద్ధతినే లోహంలోకి దించే ప్రయత్నం. డ్రోన్ ఎటు గురిపెట్టిందో గీతగా కనిపిస్తుంది, అంటే రౌడీ తల మీద మెరిసే కౌంటర్ గుర్తుకి బదులు ఇది. పక్కకి జరగడానికి తప్పుకునే బటన్ ఉంది. ప్రధాన ఆయుధం 60 మిల్లీమీటర్ల ఫిరంగి, తోడుగా మెషీన్‌గన్. వరసగా కొడుతుంటే ఒక మీటర్ నిండి మిసైళ్లు వస్తాయి, అంటే కాంబో నిండాక వచ్చే ప్రత్యేక దెబ్బ. శత్రు డ్రోన్‌లోకి వైరస్ పంపి మన పక్కకి తిప్పుకునే వీలు కూడా వస్తుంది. కాగితం మీద చూస్తే రెండూ ఒకటే.

ఆడితే మాత్రం ఒకటి కావు. ఎందుకో రెండు కారణాలు చెప్పగలను.

మొదటిది దూరం. ఫ్రీఫ్లోలో దూరమనేది దాదాపు లేదు. ఎవడి వైపు చూస్తే వాడి దగ్గరికి చేరిపోతారు. ఆ చేరడంలోనే బ్యాట్‌మ్యాన్ ఉన్నాడు. ట్యాంకులో మాత్రం దూరమే ఆట. దూరంగా నిలబడు, గీత రాగానే పక్కకి జరుగు, కాల్చు, మళ్లీ జరుగు. ఎగిరే డ్రోన్లు, బరువైన డ్రోన్లు, మిసైళ్లు వదిలేవి అని రకాలైతే ఉన్నాయి గానీ చాలావాటికి జవాబు ఒకటే. పక్కకి జరిగి కాల్చు. డాలువాడికీ కత్తివాడికీ లాఠీవాడికీ వేరువేరు జవాబులు వెతుక్కున్న వేళ్లకి ఇక్కడ పని తగ్గిపోయింది. 'నైట్'లో కొత్తగా వచ్చిన మెడిక్‌నే చూడండి, పడిపోయినవాళ్లని మళ్లీ లేపుతాడు కాబట్టి అందరికన్నా ముందు వాడిని వెతికి కొట్టాలి. ఒక్క మనిషి వచ్చి ఫైట్ లెక్కంతా మార్చేస్తాడు. డ్రోన్ల గుంపులో ఆ పని అంత బాగా చేసేది నాకు కనిపించలేదు.

రెండోది నేను మొదట్లో అన్నదే. ఆ యంత్రాల్లో మనుషులు ఉండకపోవడానికి కారణం ఉంది. బ్యాట్‌మ్యాన్ ఎవరినీ చంపడు. ట్యాంకు ఫిరంగితో కాలిస్తే లోపలివాడు బతకడు. కాబట్టి లోపల ఎవరూ లేరని కథలోనే చెప్పించి, ఆ తర్వాత కాల్చనిచ్చారు. నియమాన్ని కాపాడారు, అది సబబే. కానీ దానికి చెల్లించిన మూల్యం చూడండి. పదో డ్రోన్ పేలినా పదకొండోది అదే వేగంతో, అదే పద్ధతిలో వస్తుంది. వెనకడుగు వేయదు, కేకలు వేయదు, గురి తప్పదు. మీరు బ్యాట్‌మ్యాన్ అయినా, ఇంకెవరైనా దానికి ఒకటే. ఊళ్లో అందరినీ వణికించే మనిషిని తీసుకొచ్చి, వణకడం చేతకాని వాటి ముందు నిలబెట్టారు.

కోబ్రా ట్యాంకుల ఘట్టం వాళ్లు ఈ లోటుని గమనించారనడానికి గుర్తు. వాటిని ముందు నుంచి కొట్టి లాభం లేదు, దొరక్కుండా వెనక్కి చేరి గురి కుదిరేదాకా ఆగి కాల్చాలి. అంటే దాక్కుని వేటాడే గదిని వీధుల్లోకి తెచ్చారు. ఆలోచన మంచిదే. మొదటిసారి ఆడినప్పుడు నాకు టెన్షన్ కూడా వచ్చింది. కానీ అది కేవలం నా టెన్షన్. ఒక కోబ్రా పేలితే మిగతావాటి చూపు మారదు, నడక మారదు. వేటగాడు నేనే అయినా భయపడేది నేనొక్కడినే.

దీనికి పరాకాష్ఠ డెత్‌స్ట్రోక్ అనే కిరాయి హంతకుడు. 2013లో డబ్ల్యూబీ గేమ్స్ మాంట్రియల్ చేసిన 'ఆర్ఖమ్ ఆరిజిన్స్'లో పెంగ్విన్ అనే విలన్ ఓడ మీద అతనితో జరిగే ద్వంద్వయుద్ధం ఈ సిరీస్‌లోనే గొప్ప ఫైట్లలో ఒకటి. ఒకే ఒక్క మనిషి, మీ దెబ్బలకి తిరుగుదెబ్బ వేయగలవాడు. కౌంటర్ బటన్‌ని తొందరపడి నొక్కితే శిక్ష పడుతుంది. గుంపుని చూసుకుంటూ అలవాటైన చేతులు అక్కడ మొదటిసారి ఒక్కడి కోసం ఓపిక పట్టడం నేర్చుకుంటాయి. అదే డెత్‌స్ట్రోక్ 'ఆర్ఖమ్ నైట్'లో మిలీషియా పనులన్నీ ముగించాక ఎదురవుతాడు. అన్ని చెక్‌పోస్టులూ, అన్ని బాంబులూ, అన్ని టవర్లూ పూర్తిచేసి మీరు చేరేసరికి అతను ట్యాంకులో ఉంటాడు. అంతకుముందు కథలో ఒకసారి ఆడిన ట్యాంకు యుద్ధాన్నే మళ్లీ ఆడిస్తారు. అది ముగిశాక అతను బయటికి వస్తాడు, మిగిలినది మనం చూడటమే తప్ప ఆడని కట్‌సీన్‌లో తేలిపోతుంది. చేతికి చేయి ఆడేది లేదు. అంత మంచి ప్రత్యర్థికి, అంత కష్టపడ్డ ఆటగాడికి ఇచ్చే మర్యాద ఇది కాదు.

'ఆర్ఖమ్ సిటీ'లో విలన్ మిస్టర్ ఫ్రీజ్‌ని ఇక్కడ తలుచుకోవాలి. 2011 నాటి ఆట. అతనూ పెద్ద లోహపు కవచంలోనే ఉంటాడు, తిన్నగా ఎదురెళ్తే ఓడిపోతారు. కానీ లోపల మనిషి ఉన్నాడు. ఒకసారి కొట్టిన పద్ధతిని గుర్తుపెట్టుకుంటాడు, అదే ఎత్తు రెండోసారి పారదు. ప్రతి దెబ్బకీ కొత్తగా ఆలోచించాలి. అంటే యంత్రం ఉండటంతో వచ్చిన చిక్కు కాదు ఇది. యంత్రం లోపల ఆలోచించేవాడు, తడబడేవాడు ఒకడు ఉండాలి.

'బ్యాట్‌మొబైల్ ఇవ్వండి' అని అభిమానులే కదా అడిగింది, ఇచ్చాక తిడితే ఎలా అని ఒక వాదన ఉంది. అడిగారు, అడగడంలో తప్పులేదు. బ్యాట్‌మ్యాన్ ఆటల్లో కారుకి పాత చరిత్రే ఉంది. 1989లో ఓషన్ కంపెనీ తెచ్చిన ఆటలో కూడా ఒక దశ మొత్తం కారులోనే. అందులో మలుపు తిరగాలంటే గ్రాపుల్ తాడు విసిరి కారుని లాక్కోవాలి. అంత పాత రోజుల్లో, అంత చిన్న యంత్రాల మీద, కారు నడపడంలో కూడా బ్యాట్‌మ్యాన్ చేతివాటం ఒకటి ఉండాలని వాళ్లకి తోచింది. అభిమానులు అడిగింది ఆ కారుని. ట్యాంకుని ఎవరూ అడగలేదు.

స్పైడర్‌మ్యాన్‌ని చూస్తే ఈ విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఇన్సోమ్నియాక్ గేమ్స్ 2018లో చేసిన ఆటలో అతని వాహనం అతని ఒళ్లే. మాన్‌హట్టన్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి సాలెగూటి తాడు మీద ఊగుతూ పోవడమే ప్రయాణం, అదే ఫైట్‌లోకి దిగే దారి కూడా. అందులోనూ కారు చేజింగ్‌లు ఉన్నాయి. దొంగలు కారులో పారిపోతుంటే స్పైడర్‌మ్యాన్ ఆ కారు పైకప్పు మీద వాలి, తుపాకీ గుళ్లు తప్పించుకుంటూ లోపలివాళ్లని ఒక్కొక్కరినే బయటికి లాగి, చివరికి కారుని ఆపుతాడు. చక్రాలు వాళ్లవి, ఒళ్లు మీది. 2023లో వచ్చిన రెండో ఆటలో అయితే పీటర్ (అంటే స్పైడర్‌మ్యాన్), అతని స్నేహితుడు హ్యారీ కలిసి సైకిళ్లు తొక్కే ఘట్టం ఒకటి పెట్టారు. ఎవరినీ కొట్టేది లేదు, ఎవరూ తరిమేది లేదు. పాత స్నేహితులు ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ తొక్కడం, అంతే. వాహనం ఎక్కించిన ప్రతిచోటా తుపాకీ బిగించాల్సిన అవసరం లేదని అక్కడ ఎంత హాయిగా తెలుస్తుందో.

ఇప్పుడు కొత్తగా 'ఆర్ఖమ్ నైట్' మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, సేల్‌లో చవగ్గా దొరుకుతుంది కాబట్టి. వాళ్లకి నా సలహా పనుల వరస గురించి. కథలో తప్పనిసరిగా వచ్చే ట్యాంకులని ఎలాగూ తప్పించుకోలేరు, వాటిని గబగబా ముగించేయండి. పక్క పనుల్లో మాత్రం వాచ్‌టవర్లు, చెక్‌పోస్టులు ముందు పెట్టుకోండి, అవి ఎక్కువగా చేతులతోనే. రోడ్ల మీద మిలీషియా వాహనాలని తరమడం, ఫైర్‌ఫ్లై వెంటపడటం తర్వాత. బాంబులు నిర్వీర్యం చేసే పని చివరికి వదిలేయండి, ఎందుకంటే ఒక్కో బాంబు చుట్టూ ఒక్కో డ్రోన్ల దండు ఉంటుంది. రిడ్లర్ అనే విలన్ పెట్టే సవాళ్లు 243 ఉన్నాయి. పూర్తి ముగింపు చూడాలంటే అవన్నీ చేయాలి. అందులో భూగర్భంలో కారు పందేలు కూడా ఉన్నాయి, అవి ట్యాంకు యుద్ధాల కన్నా నయమే. అన్నీ చేసే ఓపిక లేకపోతే ఆ ముగింపు కోసం ఆదుర్దా పడకండి. అప్పటికి చేతులు కుదిరి ఉంటాయి కాబట్టి ఆ సమయమేదో కథతో పనిలేకుండా ఫైట్లు ఆడుకునే ఛాలెంజ్ గదుల్లో గడపండి.